నా కంట్లో దోమలు

అరవనాట మేముండే తొండియార్‌పేటలో దోమలకు కరువు లేదు. అందుకే ఎడమ కంటి ముందు నల్లగా ఏవో ఎగురుతుంటే దోమలే అనుకున్నాను. కరెంటు బ్యాటు తీసుకుని మంచం చుట్టూ ఊపాను. ఒక్కటీ చావలేదు. బ్యాటు అమ్మిన అంగడికి వెళ్ళి పోట్లాడి కొత్తది తెచ్చుకున్నాను. దానికీ ఏమీ పడలేదు. గోడ చూస్తే గోడ మీద, బైబిలు తెరిస్తే వాక్యాల మీద అవే దోమలు.

ఇంట్లో చెప్పలేదు. మనవరాలి పలక మీద ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని. "ఈ వయసులో చదువేంది, కళ్ళు పోతాయి" అని చర్చిలో ఆడవాళ్ళు నవ్వారు. చెబితే పుస్తకం లాక్కుంటారని భయం. చూపే పోతే ఎలా చదవాలో మాత్రం ఆలోచించలేదు. అంత తెలివి నాది.

ఒక సాయంత్రం కంటి పక్కన తళుక్కుమంది.

"చచ్చింది చూడు" అన్నాను కోడలితో గర్వంగా.

"ఏంది చచ్చింది?"

"దోమ. మెరిసింది గదా."

"బ్యాటు ఆడ చార్జింగులో ఉండాది అత్తా. నీ చేతిలో ఉండేది విసనకర్ర."

నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాను.

"మా అమ్మకూ ఇట్టనే మెరిసింది. అదే పోతాదిలే అనింది. ఇప్పుడా కంట్లో చీకటి. లెయ్యి, ఆటో పిలుస్తా."

కంటి ఆసుపత్రిలో నర్సు చదువు రానివాళ్ళకు చూపించే గీతల చార్టు పెట్టింది. నాకు రోషం వచ్చింది. అక్షరాలే పెట్టమని అరవంలో దబాయించాను. పెట్టింది. అన్నీ అరవ అక్షరాలు. నాకు వచ్చినవి తెలుగు. రోషం దిగమింగి గీతలే పెట్టమన్నాను.

డాక్టరమ్మ కంట్లో మందు వేసి చూసింది. లోపల రెటీనా పొర చిరిగిందట, ఇంకా ఊడలేదట. ఊడి ఉంటే పక్క నుంచి తెర కమ్మినట్టు చూపు పోయేదట. అప్పటికప్పుడే లేజరుతో చిరుగు చుట్టూ అతికించింది.

"చదివినందుకేనా అమ్మా?" అని అడిగాను.

చదువుకూ దీనికీ సంబంధం లేదంది. నల్ల మచ్చలు ఉన్నట్టుండి ఎక్కువైనా, మెరుపులు వచ్చినా, తెర కమ్మినా ఆ రోజే రమ్మంది.

ఒకటి రెండు దోమలు ఇంకా మిగిలాయి. వాటిని పక్కకు తోసుకుంటూ చదువుతున్నాను. పొద్దున్నే కోడలు నా కుడి కన్ను మూయించి వాక్యం చదివిస్తుంది. నేను ఆగితే చాలు, ఆటో కోసం వీధిలోకి పరుగెత్తబోతుంది.

"ఉండవే, కన్ను బాగానే ఉంది. ఆ ఒత్తు నాకింకా రాదు" అని ఒప్పుకోక తప్పడం లేదు.