ఎర్ర కాని ఎరె

తనకు తెలియని మాటంటూ ఉండదని మా నాన్నకు గట్టి నమ్మకం. కన్నడ మాట ఏది విన్నా "ఓహో" అని తలాడించి, సొంతంగా తెలుగులోకి మార్చేసుకునేవాడు.

తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలిన కొత్తలో కన్నడ సీమలోని కంప్లి దగ్గర పొలం చూద్దామని కృష్ణ ఒడ్డు నుంచి వచ్చాం. నచ్చితే ఊళ్ళో ఉన్న కొద్దిపాటి పొలం అమ్మేసి వచ్చేయాలని నాన్న పట్టుదల. అమ్మకు బొత్తిగా ఇష్టం లేదు. ఆవిడ అక్కచెల్లెళ్ళంతా కృష్ణ ఒడ్డునే. నేల నచ్చకపోతే మళ్ళీ ఈ ఊసెత్తనని నాన్న చేత ముందే మాట పుచ్చుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

పొలాలు చూపించడానికి వచ్చినాయన తాతల నాటి నుంచి అక్కడే ఉన్న తెలుగు రైతు. హోటల్లో కాఫీ తాగుతూ, "రెండు తావులుండాయప్పా. ఒకటి ఎరె, ఇంకోటి మసారి. యాడికి పోదాం?" అన్నాడు.

నాన్నకు ఇట్టే అర్థమైపోయింది. ఎరె అంటే ఎర్ర. మసారి అంటే మసిలాగా నల్లన. "ఎర్రనేలలో నీళ్ళు నిలవవు. మాకు వరి కావాలి, మసారే చూపించండి," అన్నాడు.

ఎడ్లబండి దిగి చూస్తే నేలంతా ఎర్రగా ఉంది. గుప్పిట పడితే ఇసుకలా జారిపోతోంది. నాన్న ముఖం కూడా అదే రంగుకు తిరిగింది.

"నల్లది చూపించమంటే ఇదా? కొత్తవాళ్ళమని ఆటలా?"

"ఏందప్పా అట్లంటావు? మసారి అంటివి, మసారే చూపిస్తాండా."

"చాల్లేవయ్యా. పదండి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోదాం."

అమ్మకు అంతకంటే కావలసిందేముంది? నోరు మూసుకుని బండెక్కితే సరిపోయేది. ఒక కాలు పైన పెట్టింది కూడా. కానీ ఏ మాటనైనా సగంలో వదిలేస్తే ఆవిడకు నిద్రపట్టదు. కాలు దించి, "ఇది మసారి అయితే, మరి మీ ఎర్రది ఏ రంగండీ?" అని అడిగింది.

"ఎర్రది కాదు తల్లీ, ఎరె! నల్లగుంటాది. మీ పక్క రేగడి అంటారే, అది."

బండి అటు మళ్ళింది. పగుళ్ళిచ్చిన ఆ నల్లనేలను చూశాక నాన్న ఇక బస్సు మాట ఎత్తలేదు.

అక్కడే స్థిరపడ్డాం. నాకు ఆ మాట తెగ నచ్చి, కనబడినదానికల్లా తగిలించాను. ఎరె గేదె, ఎరె గొడుగు, ఎరె మబ్బు. పక్కింటి పిల్లలు పడీపడీ నవ్వారు. అది నేలకే చెల్లుతుందట, గేదె ఎంత నల్లగా ఉన్నా దానికి రాదట. నీళ్ళు పట్టి ఉంచడం, ఎండకు నోరు తెరవడం, తడిస్తే కాలు వదలకపోవడం, ఇవన్నీ ఉంటేనే ఎరె. రంగు చెప్పే మాటలో ఇంత సంగతి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తొలి వానకు పొలంలో దిగిన అమ్మను ఆ మట్టి పిక్కల దాకా పట్టేసింది. కాలు ఊడబెరుక్కోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఆ రోజు అడక్కుండా ఉంటే, ఈపాటికి మా అక్క దగ్గర ఉండేదాన్ని కదే," అంది.

అమ్మ వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"రంగు మన నేలదే. మరి ఆ వాసనెందుకు రాదే?"