రెండో సూది

మా అమ్మ ప్రార్థన చేయకుండా ఎవరికీ సూది వేసేది కాదు. మందు సిరంజిలోకి ఎక్కించి, కుడిచేత్తో పైకి పట్టుకుని, ఎడమచెయ్యి ఎదుటి మనిషి భుజం మీద వేసి కళ్లు మూసుకునేది. చిన్న ప్రార్థనే అనేది. ఆ చిన్న ప్రార్థనలోకి రోగి, రోగి ఇంటివాళ్లు, మందు కనిపెట్టినవాళ్లు, ఒక్కోసారి రోగిని తీసుకొచ్చిన ఆటో అతను కూడా వచ్చిపోయేవాళ్లు. ఆమెన్ అన్నాకే సూది. సూది తీశాక దూది అద్దుతూ మళ్లీ ఒక స్తోత్రం. ఇదంతా అయ్యేలోపు పెద్దపెద్ద మగవాళ్లకే చెమటలు పట్టేవి.

"సిస్టరమ్మా, ముందుగాల సూదెయ్యి, దువా తర్వాత జేసుకో" అని పక్కింటి ఖాలా బతిమాలేది. ఆవిడ ఐదు పూటలా నమాజు చేసే మనిషి.

"దేవునికి చెప్పకుండ నీ ఒంట్లకు ఇనుము దింపుతనా?" అనేది అమ్మ.

పెద్దేముల్ పక్క పల్లెల్లో నడిచి తిరిగే నర్సుగా మొదలుపెట్టి, తాండూరులో సర్కారు దవాఖాన నర్సుగా రిటైరైంది. ఆమెను తల్చుకుంటే చాలామందికి కళ్లు చెమరుస్తాయి. నాకు ముందు గుర్తొచ్చేది ఆమె మొండితనం. నా పదో తరగతి పరీక్ష రోజు పొద్దున ఎవరికో నొప్పులొస్తున్నాయని వెళ్లిపోయింది. నేను అన్నం తినకుండా పరీక్షకు పోయాను. సాయంత్రం వచ్చి, "ఆడపిల్ల పుట్టింది, నీ లెక్కనే మస్తు గట్టిగ ఏడ్చింది" అంది, అదే నాకు బహుమానం అన్నట్టు. నేను అబద్ధమాడితే ఆమెకు కొట్టడం వచ్చేది కాదు. మాట్లాడ్డం మానేసేది. దెబ్బలే నయమనిపించేది నాకు.

నాకు ఇవ్వని మెత్తదనం అంతా దాచి నా కూతురికిచ్చింది. దానికి ఏడో ఏట షుగర్ బయటపడింది. రోజుకు రెండు పూటలా తిండికి ముందు ఇన్సులిన్ పడాల్సిందే అన్నారు. నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే అమ్మ నా పక్కన కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. "నేనున్న గదా. లెవ్వు" అంది.

నిజంగానే ఉంది. మా ఆయనది దూరపు డ్యూటీ, నెలకోసారి వచ్చేవాడు. నాకు వికారాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం. తాండూరులో పొద్దున్నే రైలెక్కాలి. పిల్ల ఎనిమిదింటికి తిని బడికి పోతుంది. సూది తిండికి కాస్త ముందే పడాలి, అప్పటికి నేను రైల్లో ఉంటాను. అందుకని పొద్దుటి సూది అమ్మది, సాయంత్రం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లది. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికిన రోజు హాయిగా కునుకు తీసేదాన్ని. ఇంటి ఫికర్ నాకు ఉండేది కాదు. అమ్మ ఉంది.

ఐదేళ్లు అలా గడిచాయి. పిల్లకు పన్నెండేళ్లు వచ్చాయి, అమ్మకు డెబ్బై దాటాయి.

ఒక సాయంత్రం నేను కూరగాయలు తరుగుతున్నాను. అమ్మ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసింది, సూది వేసింది, స్తోత్రం చెప్పింది. చెప్పి కళ్లు తెరిచి, డబ్బాలోంచి ఇంకో సిరంజి తీసి మందు ఎక్కించడం మొదలుపెట్టింది. పిల్ల కదలకుండా కూర్చుంది. ప్రార్థన అయితే సూది, అది ఆమె చేతులకు ఏళ్లుగా అలవాటైన వరుస. ముందటి ప్రార్థనేదో వెనకటి స్తోత్రమేదో ఆమెకు కలిసిపోయింది.

"అమ్మా, అయిపోయింది గదా" అన్నాను.

అమ్మ నన్ను చూసింది, చేతిలోని సిరంజిని చూసింది. దాన్ని బల్ల మీద పెట్టి మంచం మీద కూర్చుంది. ఆమె మొహంలో భయం చూడటం నాకదే మొదటిసారి. పిల్లను బయటికి పంపి, "పొద్దటి సూది గూడ ఇగ నువ్వే వెయ్యరాదా బిడ్డా. నా మీద నాకే నమ్మకం పోతున్నది" అంది.

నేను ఏమన్నానో ప్రతి మాటా గుర్తుంది. "ఏం కాదమ్మా. మర్చిపోవుడు అందరికీ ఉంటది. నా రైలు టైము నీకు తెలుసు గదా. జర హుషారుగ ఉండు, అంతే."

అమ్మ మళ్లీ అడగలేదు. నేను కత్తిపీట ముందు కూర్చుని మిగతా బెండకాయలు తరిగాను.

కొన్ని నెలలు పోయాక, ఒక ఆదివారం బడి సంచి ఉతుకుదామని బోర్లిస్తే చాక్లెట్ కాగితాలు కుప్పగా పడ్డాయి. అడుగున బెల్లం ముక్క ఒకటి, చీమలు పట్టి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. షుగర్ ఉన్న పిల్ల, ఇన్నేళ్లు చెప్పిన పిల్ల. చెంప మీద కొట్టాను. ఇంకోటి కూడా కొట్టాను. అమ్మ వచ్చి అడ్డం నిలబడుతుందనుకున్నాను. ఆమె కాగితాలు చూసి, "దొంగతనంగ తింటవా? ఇంతగనం చేస్తుంటే నాకు గిదేనా నువ్విచ్చేది?" అంది. పిల్ల అప్పుడు ఏడ్చింది. నేను కొట్టినప్పుడు ఏడవలేదు.

ఆ మర్నాటి నుంచి నేను రోజూ సంచి వెతికేదాన్ని. కాగితాలు లేవు. దారికొచ్చిందని సంతోషపడ్డాను.

రెండు వారాలు కాకముందే ఆఫీసులో ఉండగా బడి నుంచి ఫోను వచ్చింది. పిల్ల తరగతిలో చెమటలు పట్టి, వణికి, పడిపోయిందట. ఆస్పత్రిలో చేర్చారట. వికారాబాద్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డ ఆ కాసేపు నేనెన్ని మొక్కులు మొక్కానో చెప్పలేను. నేను వెళ్లేసరికి పిల్ల చేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది. అమ్మ మంచం పక్కన నిలబడి ఉంది.

"పొద్దున ఎంత ఇచ్చిర్రమ్మా?" అని డాక్టరు అడిగాడు.

అమ్మ తడుముకోకుండా చెప్పింది. సరైన మోతాదే చెప్పింది. డాక్టరు మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. పిల్ల పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

సాయంత్రం అమ్మ చాయ్ తెస్తానని ఫ్లాస్కు పట్టుకుని కిందికి పోయింది. నేను పిల్ల తల నిమురుతూ, అన్నం తినలేదా అని అడిగాను.

"తిన్న. రెండుసార్లు పడ్డది అమ్మా."

"ఏంది?"

"సూది. మస్తుసార్లు రెండుసార్లిస్తది అమ్మమ్మ. అన్ని రోజులు గాదు. అట్ల ఇచ్చినప్పుడు నేను చాక్లెట్ తింటుంటి. వణుకు ఆగుతుండె. నువ్వు కొట్టినంక తెచ్చుకోలె."

ముందే చెప్పొచ్చు కదే అన్నాను.

"ఒకపారి చెప్పిన, అయిపోయింది అమ్మమ్మా అని. బాత్రూంల పోయి ఏడ్చింది. గందుకే ఇగ చెప్పలె."

తల తిప్పితే గుమ్మంలో అమ్మ. ఫ్లాస్కు చేతిలోనే ఉంది. అంతా విన్నది. లోపలికొచ్చి చాయ్ పోసి నాకిచ్చింది. పిల్ల చేతులు రెండూ పట్టుకుని చూసింది, సూదులు పడ్డ చోట్ల వేలితో తడిమింది. నన్ను ఒక్క మాట అనలేదు. అడిగాను కదా, నీకే చెప్పాను కదా, అంటుందని ఆ సాయంత్రమంతా కాచుకుని కూర్చున్నాను. అంటే నాకూ ఒక జవాబు ఉండేది. రైలు, ఉద్యోగం, ఒంటరితనం, ఏదో ఒకటి. ఆమె అననే లేదు.

తర్వాతి ఆదివారం ముగ్గురం చర్చికి పోయాం. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. సాక్ష్యమంటే మామూలుగా మేలు జరిగిందనే చెబుతారు. జ్వరం తగ్గింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది, బోరులో నీళ్లు పడ్డాయి. ఎవరో ఒకాయన అలాగే చెప్పి కూర్చున్నాక అమ్మ లేచింది. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. పిల్ల బతికినందుకు స్తోత్రం చెబుతుందని అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

"మీరందరు నాతోని సూదులు వేయించుకున్నోళ్లే" అంది. "నా మనుమరాలికి నేను రెండుసార్లు మందిచ్చిన. ఒక్కనాడు గాదు, శానా దినాలు. యాది లేక ఇచ్చిన, గని ఇచ్చింది నేనే. నా యాది పోతున్నదని నాకు ముందే ఎరుక. అయినా చేసిన. పిల్ల పానం మీదికి వచ్చింది. నన్ను మాఫ్ చెయ్యమని మీరు గూడ ప్రార్థన చేయుండ్రి. ఇగ నా దగ్గరికి సూదికి రాకుండ్రి."

ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. పాస్టరు అయ్యగారు తల వంచుకున్నారు. అమ్మ కూర్చోలేదు. చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. ఏదో చెప్పాలనుకుని మర్చిపోయిందని నాకనిపించింది. పాపం ముసలామె, మాట అందక అవస్థ పడుతోందని, నలుగురిలో చిన్నబోతుందని, నేను ఆమె చీర కొంగు పట్టి మెల్లగా లాగాను. ఆమె నావైపు చూసి, కూర్చుంది.

బయట జనం ఆమె చేతులు పట్టుకున్నారు. ఎంత ధైర్యం సిస్టరమ్మా అన్నారు. నా భుజం తట్టి, తల్లిని మంచిగ చూసుకో అన్నారు. నేను తలూపాను.

ఇంటికి ఆటోలో పోతుంటే పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని నిద్రపోయింది. నాపరాళ్ల లారీల దుమ్ము లేస్తోందని అమ్మ కొంగు దాని మొహానికి అడ్డం పెట్టింది. చాలాసేపటికి రోడ్డు వైపు చూస్తూ, కోపం లేకుండానే అంది.

"సాక్ష్యానికి నువ్వు గూడ లేస్తవేమో అని జరసేపు నిలవడ్డ బిడ్డా."

ఆటో చప్పుడుకు వినబడనట్టే కూర్చున్నాను.