ఆంటీ పంటికి నేను వేసిన కోడ్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, దేనికి కోడ్ తెలుసో దాని గురించి నాకంతా తెలుసని. గురుగ్రామ్‌లో ఒక ఆఫీసు తొమ్మిదో అంతస్తులో కూర్చుని, ఎక్కడో అమెరికాలో పళ్ళ డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, ఫలానా జబ్బుకి ఫలానా కోడ్ అని బీమా కోసం నమోదు చేయడం నా ఉద్యోగం. పంటి వేరు కొసన చిన్న నీటితిత్తిలా సిస్ట్ కడితే కె జీరో ఫోర్ పాయింట్ ఎయిట్. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. (అద్దంలో నా పళ్ళు తప్ప ఇంకెవరి పళ్ళూ దగ్గరగా చూసిన పాపాన పోలేదు.)

మేం తెలుగు కుర్రాళ్ళం పదిమందిమి నెల్లూరు ఆంటీ ఇంట్లో భోంచేసేవాళ్ళం. ఒక సాయంత్రం ఆవిడ వాచిన బుగ్గతో, చేతిలో ఎక్స్‌రేతో నా పక్కన కూర్చున్నారు. "అబ్బయా, నీది పళ్ళ ఆఫీసే గదా. డాక్టరమ్మ ఏందో రాసి రేపు రమ్మనింది, చూడు" అన్నారు. చీటీ మీద 'సిస్ట్' అని, పక్కనే ఒక ప్రశ్నార్థకం. డాక్టర్ అనుమానంగా రాసినదానికి కోడ్ వేయకూడదని ఆఫీసులో మొదటి వారమే నేర్పారు. అక్కడ ఆ నియమం ఏనాడూ తప్పలేదు. ఇక్కడ మాత్రం ఎక్స్‌రేని ట్యూబ్‌లైట్‌కి ఎత్తిపట్టి, "సిస్టే ఆంటీ, డౌటే లేదు" అనేశాను. "దానికేం చేస్తారబ్బయా?" అంటే, అప్పటిదాకా కోడ్ చేసిన వైద్యాలన్నీ ఏకరువు పెట్టాను. రూట్ కెనాల్, వేరు కొస కోయడం, పన్ను పీకడం, దవడ ఎముకకి అతుకు, ముక్క తీసి పరీక్షకి పంపడం. (అవన్నీ వేరువేరు రోగులవి. ఒక్కరికే అన్నీ చేస్తారని ఆవిడ అనుకుంటారని నాకు తోచలేదు.)

రెండు రోజుల తర్వాత వెళ్తే స్టవ్ ముందు అంకుల్ నిలబడి ఉన్నారు. స్టూలు మీద కూర్చుని ఆంటీ ఆయనకి చారు పెట్టడం నేర్పుతున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళారా అని అడిగాను.

"పోలేదబ్బయా. ముక్క పరీక్షకి పంపించేదంటే ఏందో నాకు తెలీదా? మా అక్కకి అట్నే పంపించినారు, ఏడాది తిరక్కుండా పోయింది. ముందు ఈయనకి చారన్నా పెట్టుకోడం రావాల గదా."

అంకుల్ చింతపండు పిసుకుతున్నారు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నాకేం తెలీదు ఆంటీ, నేను డాక్టర్ని కాదు. రేపు లీవు పెడతా, కలిసి వెళ్దాం" అని ఆవిడ చేతులు పట్టుకున్నాను.

మర్నాడు డాక్టరమ్మ అంతా చూసి, చిన్న సిస్ట్‌లానే ఉంది, రూట్ కెనాల్ చేస్తే అదే తగ్గుతుంది, ఆరు నెలలకి మళ్ళీ ఎక్స్‌రే తీసి చూద్దామని హిందీలో చెప్పింది. ముక్క తీసి పరీక్షకి పంపరు గదా అని ఆంటీ నాచేత రెండుసార్లు అడిగించారు. "ఇత్‌నా కిస్‌నే డరాయా ఆప్‌కో?" అని అడిగింది డాక్టరమ్మ, ఎవరు భయపెట్టారమ్మా ఇంతగా అని. నేను నేలచూపులు చూస్తున్నాను.

ఆంటీ నావైపు ఒకసారి చూసి, "యూట్యూబ్, మేడమ్" అన్నారు.

తిరుగు ఆటోలో మాత్రం, "ఇంకెవురి ఎక్స్‌రేలూ చూడబాక అబ్బయా" అన్నారు, అంతే. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పన్ను నొప్పెడుతున్నా వాడి పరువు కాపాడిన ఆవిణ్ణి తలుచుకుంటే ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.