సొంతం

ఆ రోజు డైరీలో "పెన్నాగరం బస్సు, ఎండ ఎక్కువ" అని మాత్రమే రాసుకున్నాను.

తమిళనాడులోని మా ధర్మపురికి వస్తున్న ఆ బస్సులో, పక్క సీటులోని ఆమె ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విని నేనే పలకరించాను. గింజ తీసిన చింతపండు అమ్ముతుందట. జీఎస్టీ నంబరు లేకపోతే ఇకమీదట సరుకు తీసుకోబోమని బెంగుళూరు కొట్టువాళ్ళు చెప్పారట. దానికి దరఖాస్తు పెట్టించడానికి సోగత్తూరు కంప్యూటరు సెంటరుకు పోతోంది.

"సరుకు పెట్టే ఇల్లు బయటివాళ్ళదా అమ్మా? అది అడుగుతారు."

"కాదు సార్, సొంతమే."

"అయితే చిక్కు లేదు. ఫారంలో ఓన్ అని పెట్టమను."

"ఓన్, ఓన్" అని మరచిపోకుండా గొణుక్కుంది. "మనోళ్ళు కాబట్టి ఇంత చెప్పినారు" అంటూ నా చేతిలో చింతపండు ఉండ పెట్టింది.

సోగత్తూరులో దిగి కిటికీ దగ్గరికి వచ్చింది. "అది మా చిన్నాయన ఇల్లు సార్. సొంతం కాబట్టి ఇచ్చినాడు. బయటోళ్ళు ఇస్తారా?"

తమిళంలో సొంతమంటే చుట్టాలు కూడా. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అది తెలియక కాదు. ఇల్లు ఇంకొకరిదైతే వారి సమ్మతి పత్రం పెట్టాలి. ఓన్ అని రాస్తే దరఖాస్తు తిరిగొస్తుంది.

ఆగమని చెయ్యెత్తాను. బస్సు కదిలింది. పోయివస్తానంటున్నాననుకుని ఆమె కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది.

తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడవవచ్చు. దిగలేదు.

చింతపండు ఎవరిచ్చారని ఇంట్లో అడిగారు.

"సొంతంవాళ్ళు" అన్నాను.