పోస్టు చేశానని చెప్పిన నోటుబుక్కు

ఇరవై ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పత్తికొండలో సోషల్ టీచర్‌ని. అప్పటికి సముద్రం చూడలేదు. పటంలో నీలం రంగు చూపించి తీరమైదానం పాఠం చెప్పేదాన్ని. మా పక్కింట్లోకి ఒక నర్సు బదిలీ మీద వచ్చింది, తండ్రిని వెంటబెట్టుకుని. ఆయన పేరు రాయను. మాస్టారు అంటాను. మా జిల్లా అంచు తాకి పోయే కృష్ణ ఎక్కడో సముద్రంలో కలుస్తుంది కదా, ఆ దగ్గర్లోని చిన్న చేపల ఊరు ఆయనది. రిటైరయ్యాక, వలలు అల్లుకునే ముసలివాళ్లను అడిగి అడిగి, ఊరి కథంతా లావాటి నోటుబుక్కులో రాసుకున్నారు.

సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవారు. నల్లటి కడప బండ మీద సుద్దముక్కతో తీరం గీసేవారు. ఏటి పాయ ఇక్కడ కలిసేది, ఇసుక మేటలు వేసి అటు జరిగింది, ఓడలు రావడం మానేశాయి. ఉప్పుకొట్ల వీధిని సముద్రం తినేసింది, ఇప్పుడు దాని మీద పడవలు తిరుగుతాయి. వాన కోసం ఆకాశం చూసే ఊళ్లో కూర్చుని నేను ఆ అలల చప్పుడు విన్నాను. అంత హాయైన సాయంత్రాలు నాకు మళ్లీ రాలేదు.

నా దస్తూరీ బాగుంటుందని, సాఫుగా తిరగరాయమని ఆ పుస్తకం నా చేతికిచ్చారు. పది పేజీలు రాశాను. తర్వాత పరీక్షలు, ఓటర్ల జాబితా డ్యూటీ, పాపకు జ్వరం. ఇవేనా కారణాలు? కాదు, బద్ధకం. అడిగినప్పుడల్లా "అయిపోవచ్చింది సార్" అనేదాన్ని.

ఏడాది తర్వాత, వేసవిలో, ఆయన సొంతూరికి వెళ్లి ఉత్తరం రాశారు. ఊరివాళ్లు అచ్చు వేయిస్తారట, వెంటనే పంపమన్నారు. గూట్లోంచి తీశాను. అట్ట ఒక్కటే మిగిలింది. లోపలంతా చెదలు, మట్టి.

"నిన్ననే పోస్టు చేశాను" అని జవాబు రాశాను.

పత్తికొండకు తిరిగొచ్చాక, ఊరికి చేరని పుస్తకం వెనక్కి వచ్చిందేమోనని ఆయన రోజూ పోస్టాఫీసుకు నడిచేవారు. ఒకరోజు మా వీధిలోనే పోస్ట్‌మ్యాన్‌ను నిలదీశారు. ఆ మనిషి పిల్లల మీద ఒట్టు పెట్టుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను.

చివరికి మా ఇంటికొచ్చారు.

"అమ్మాయ్, నువ్వు రాసిన కాపీ ఏమన్నా మిగిలుందా? ఒక్క కాయితమైనా చాలు. చెప్పినోళ్లంతా పోయారమ్మా, మళ్లీ ఎవర్నడగను?"

పది పేజీలు లోపల బీరువాలోనే ఉన్నాయి. ఇస్తే, ఏడాదంతా రాసింది ఇంతేనా అంటారు.

"లేదు సార్. అంతా దాంట్లోనే పెట్టి పంపిస్తి. పోస్టులోనే యాడో పోయినట్టుండాది."

"నువ్వేం చేస్తావులే. పాపం, ఏడాదంతా కష్టపడ్డావు," అన్నారు.

ఆయన అటు వెళ్లగానే ఆ పేజీలు పొయ్యిలో పెట్టాను. చెదలు పట్టడం నిర్లక్ష్యం. ఇది మాత్రం చేతులారా చేసింది. ఎందుకు? మంచి టీచరమ్మ అన్న పేరు కోసమా? ఒక ఊరి కన్నా అది ఎక్కువైందా నాకు?

మరుసటేడు కూతురికి బదిలీ అయింది. ఆయన పోయారని ఆ తర్వాతెప్పుడో విన్నాను.

ఆ పుస్తకం పోస్టులో పోలేదు. నేనే పోగొట్టాను. మిగిలింది నేనే కాల్చాను. ఈ మూడు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. క్షమించగలిగిన మనిషి లేరు. అయినా చెప్పేశాను.