ప్రార్థనలో విన్న మాట

లిదియా హసన్‌పర్తిలో పుట్టింది. తండ్రి దవాఖానలో కంపౌండరు. బి.ఏ. పాసై రెండేళ్లు ఇంట్లోనే ఉన్నాక, 1978లో ఆమెకు ఓ ఉద్యోగం దొరికింది. లక్ష్మీనారాయణ అనే పరిశోధకుడు హైదరాబాదు నుంచి వచ్చి వరంగల్‌లో సర్వే మొదలుపెట్టాడు. పేద ఇళ్ల ఆడవాళ్లు తమ కష్టాలు ఎవరితో చెప్పుకుంటారన్నది ఆయన పరిశోధన. ఇంటింటికీ తిరిగి అడిగి రావడం లిదియా పని.

ఆ పని సాగలేదు. ఏ ఇంటికి వెళ్లినా "మాకేం కష్టాలున్నయమ్మా, మంచిగనే ఉన్నం" అని చాయ్ పోసి పంపేవారు. లక్ష్మీనారాయణ విసుక్కున్నాడు.

"అడిగితే ఎవరైనా జాగ్రత్తపడతారమ్మా. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే చోటు ఏదైనా ఉంటే చూడండి. అక్కడ కూర్చుని వింటే చాలు."

అట్లాంటి చోటు లిదియాకు తెలుసు. మిల్లు కార్మికుల వాడలో ఆమె మేనత్త ఇంట్లో ప్రతి గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక జరిగేది. పదిమంది దాకా చాప మీద కూర్చుని, పాట పాడి, ఒకరి తర్వాత ఒకరు తమ బాధ చెప్పి ప్రార్థన చేయమని కోరేవారు. కొడుకు తాగుడు, కోడలి మౌనం, ఎవరికీ చూపించని రోగం, అన్నీ అక్కడ బయటికి వచ్చేవి. లిదియా వెళ్లి కూర్చుంది. వాళ్లతో పాటు కళ్లు మూసుకుంది, ఆమెన్ అంది. ఇంటికి వచ్చి విన్నదంతా రాసి లక్ష్మీనారాయణకు ఇచ్చింది. వాళ్లకు ముందే చెప్పాలన్న ఆలోచన రాకపోలేదు. చెబితే నోళ్లు మూతపడతాయి, పని పోతుంది అని ఊరుకుంది.

ఆ కూడికకు వచ్చే మార్తమ్మ మిల్లు కార్మికుడు ఏలియా భార్య. ఆమెకు అది రెండో పెళ్లి. మొదటి భర్త పోయినప్పుడు చంకలో ఓ ఆడపిల్ల ఉంది. పిల్ల ఉందంటే సంబంధం కుదరదని అన్నదమ్ములు ఆ మాటే ఏలియా ఇంట్లో ఎత్తలేదు. పిల్ల ములుగులో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. చింతపండు తెచ్చి అమ్ముతానని ఇంట్లో చెప్పి, మార్తమ్మ ములుగు బస్సెక్కి బిడ్డను చూసి వచ్చేది. "మా ప్రమీలకు జ్వరం తగ్గుత లేదు. జర ప్రార్థన చెయ్యున్రి" అని ఓ గురువారం ఆమె ఏడ్చింది. లిదియా అది కూడా రాసింది.

లక్ష్మీనారాయణ పేర్లు మార్చాడు. కానీ మరుసటి ఏడు ఆయన ఓ వారపత్రికకు రాసిన వ్యాసంలో చింతపండూ, ములుగు బస్సూ, మొదటి పెళ్లి బిడ్డా అట్లాగే ఉన్నాయి. ఏలియా తమ్ముడు పౌలు దాన్ని చదివి అన్న చేతికి తెచ్చిచ్చాడు.

"ములుగుల నీకెవరున్నరే?" అని ఏలియా అడిగాడు. మార్తమ్మ దాచలేదు. అతను కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ములుగు ప్రయాణం ఆగిపోయింది.

వ్యాసం సంగతి వాడంతా పాకింది. కూడికకు మార్తమ్మ రాలేదు. "మనల్ల ఎవలో బయట చెప్పిన్రు" అంది లిదియా మేనత్త. అందరి చూపూ కట్టమ్మ మీదికి పోయింది. కట్టమ్మ ఈమధ్యే బాప్తిస్మం తీసుకుని కూడికలో చేరింది, కొంచెం ఎక్కువ మాట్లాడే మనిషి.

"దేవుని తోడు, నేను ఎవ్వలకు చెప్పలే" అంది కట్టమ్మ.

ఎవరూ నమ్మలేదు. ఆమె పక్కనే కూర్చున్న లిదియా తల వంచుకుంది. ప్రార్థన మొదలైతే అందరితో పాటు కళ్లు మూసుకుంది. మరుసటి గురువారం కట్టమ్మ రాలేదు. లిదియా అప్పుడూ చెప్పలేకపోయింది. లక్ష్మీనారాయణతో ఈ సంగతి అంటే "పేరు మార్చాం కదమ్మా, ఇందులో మన తప్పేముంది?" అన్నాడు. ఆ "మన" అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

చివరికి మార్తమ్మ ఇంటికి వెళ్లింది. గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, అది రాసిచ్చింది నేనే" అంది.

మార్తమ్మ చాటలోని బియ్యం ఏరుతూనే ఉంది. "నేను దేవునికి చెప్పుకున్న లిదియా. నీకు చెప్పలే" అంది.

"ములుగు పోయి పిల్లకు చెప్పి రానా అక్కా? నువ్వు ఎందుకు రాలేదో..."

"వద్దు. నా బిడ్డ కాడికి నువ్వు పోకు."

ఆ గురువారం లిదియా కూడికలో అందరి ముందు నిలబడి చెప్పింది. ఎవరూ తిట్టలేదు. పాట పాడకుండానే లేచి వెళ్లిపోయారు. ఆమె ఉద్యోగం మానేసింది.

ఎండాకాలం గడిచింది. ఓ ఆదివారం ఏలియా తానే ములుగు వెళ్లి ప్రమీలను వెంటబెట్టుకుని వచ్చాడు. బడిలో వేశాడు. అతని మనసు ఎట్లా మారిందో ఎవరికీ తెలియదు. "చూశారా, మన వ్యాసం వల్ల తల్లీబిడ్డలు కలిశారు" అని లక్ష్మీనారాయణ ఉత్తరం రాశాడు. మేనత్త కూడా "పోనీ తియ్యే, మంచే అయింది" అంది. ఆ మాట పట్టుకుని ఊరట పొందాలని లిదియా నిజంగానే ప్రయత్నించింది. వల్ల కాలేదు.

కట్టమ్మ ఇంటికి మాత్రం చాలాసార్లు వెళ్లింది. కట్టమ్మ పీట వేసి కూర్చోబెట్టేది, అన్నం తిని పొమ్మనేది. "నీ మీద నాకు కోపం లేదు బిడ్డా" అనేది.

"మరి కూడికకు రావచ్చు గద పెద్దమ్మా? ఇప్పుడు అందరికీ తెల్సు, నువ్వు చెప్పలేదని."

"ఇప్పుడు తెల్సు. ఆనాడు నేను దేవుని తోడని చెప్తే ఒక్కలన్న నమ్మిన్రా?"

తర్వాత లిదియా హన్మకొండలో ఓ బడిలో టీచరైంది, పెళ్లి చేసుకుంది. కూడిక మళ్లీ మొదలైంది. మార్తమ్మ కూడా వచ్చేది. కట్టమ్మ రాలేదు. 1986లో ఆమె పోయినప్పుడు లిదియా వెళ్లి గుంపులో వెనకాల నిలబడింది. సమాధి దగ్గర పాస్టరు గారు, ఆమెను గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. లిదియా ముందుకు వచ్చి, చెప్పని మాటకు ఈమె నింద మోసిందనీ, ఆనాడు తాను పక్కనే ఉండి నోరు విప్పలేదనీ చెప్పింది. కట్టమ్మ కొడుకులు అయోమయంగా చూశారు. వాళ్లకు ఆ సంగతే తెలియదు.