అమ్మ కనబడని చోటు

నా చిన్నప్పుడు మాకు శుక్రవారమే ఆదివారం. షార్జాలో సెలవు ఆ రోజే కాబట్టి చర్చిలో పూజ, పిల్లలకు సత్యోపదేశం క్లాసు రెండూ శుక్రవారం ఉదయమే జరిగేవి. దుబాయ్‌లో మెట్రో కొత్తగా నడుస్తున్న రోజులవి. మా నాన్నగారు అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపర్. షార్జాలోని రోలాలో మూడు కుటుంబాలు పంచుకున్న ఫ్లాట్‌లో ఒక గది మాది. అయినా మేము తల దించుకోలేదు. గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చి మా ముత్తాత ఇచ్చిన స్థలంలోనే ఉంది. సమాధుల తోట చుట్టూ గోడ కూడా ఆయన కట్టించిందే. ఆస్తులు మా తాతయ్య కాలంలోనే హరించుకుపోయాయి. మిగిలిన గౌరవానికి నేనొక్కదాన్నే వారసురాలిని. అందుకే క్లాసులో ముందు బెంచీ మీద నిటారుగా కూర్చునేదాన్ని.

మాకు పాఠం చెప్పే ఉపదేశి తాతయ్య రోలాలో దర్జీ. మా ఊళ్ళో అయితే ఆయన కులం వాళ్ళు చర్చిలో వెనక చాపల మీద కూర్చునేవాళ్ళని నాన్నగారు ఒకసారి అన్నారు. ఆయన దగ్గర నేను నేర్చుకోవడం నాన్నగారికి అంతగా రుచించేది కాదు.

ఒక శుక్రవారం జ్ఞానస్నానం గురించి పాఠం. జ్ఞానస్నానం పొందకముందే చనిపోయిన పసిబిడ్డలు ఎక్కడికి పోతారని ఒక పిల్ల అడిగింది. తాతయ్య నోరు తెరిచేలోపు నేను లేచి నిలబడ్డాను. మా ముత్తాత పెట్టెలోని పాత పుస్తకంలో చదివింది చదివినట్టు అప్పజెప్పాను. వాళ్ళు మోక్షానికి పోరని, నరకం అంచున ఒకచోట ఉండిపోతారని, మధ్యయుగాల నాటి మహా పండితులే ఆ మాట అన్నారని చెప్పాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మా ఊళ్ళో అలాంటి పిల్లల్ని మా ముత్తాత కట్టించిన గోడ బయటే పూడుస్తారు" అని కూడా గర్వంగా అన్నాను.

అప్పుడు మా అమ్మ వెనక నిలబడి పిల్లల కోసం గ్లాసుల్లో జ్యూస్ పోస్తోంది. అంతకు రెండేళ్ళ ముందు షార్జా ఆసుపత్రిలో నాకొక తమ్ముడు పుట్టాడు. ఒక్క పూట బతికాడు. కబురందుకుని జ్ఞానస్నానం ఇవ్వడానికి ఫాదర్ వచ్చేసరికే పోయాడు. ఇంట్లో వాడి ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో ఉన్నదీ తెలుసు. ఆ రెండూ ఒకే బిడ్డ గురించి అని మాత్రం, జగ్గు కింద పెట్టి అమ్మ బయటికి వెళ్ళిపోయేదాకా నాకు తట్టలేదు.

తర్వాత మూడు శుక్రవారాలు అమ్మ చర్చికి రాలేదు. అడిగితే తలనొప్పి అనేది. ఇక ఎప్పటికీ రాదేమోనని, దానికి కారణం నేనేనని భయపడ్డాను. ఎవరికీ చెప్పుకోలేదు.

మూడో శుక్రవారం మధ్యాహ్నం ఉపదేశి తాతయ్య మా ఇంటికి వచ్చారు. నాన్నగారు పేపర్ చాటు నుంచే తలాడించారు. టీ తాగి తాతయ్య నావైపు తిరిగారు. "ఏమ్మా ముందు బెంచీ! యల్లా, పద, చెప్పులేసుకో."

నన్ను ఫ్లాట్ బయట, లిఫ్ట్ పక్కన ఉక్కలో నిలబెట్టారు. మా గదే మోక్షం అనుకోమన్నారు. మొదటి పండితుడు అలాంటి బిడ్డల్ని ఇక్కడ పెట్టాడన్నారు, నరకంలోనే, కాకపోతే మంట కాస్త తక్కువట. తర్వాత చెయ్యి పట్టుకుని లోపలి నడవాలోకి తెచ్చారు. ఆ తర్వాత వచ్చినాయనకు మనసొప్పలేదట. మంట లేదు, దేవుడు కనబడకపోవడమే శిక్ష అన్నాడట. చివరికి మా గది గుమ్మానికి కట్టిన తెర దగ్గర నిలబెట్టారు. ఇంకొకాయన, వాళ్ళు హాయిగానే ఉంటారు, ఏం పోగొట్టుకున్నారో వాళ్ళకు తెలియదు అన్నాడట.

తెర కిందనుంచి ఏసీ చల్లదనం పాదాలకు తగులుతోంది. లోపల అమ్మ గ్లాసులు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఇక్కడేమైనా నొప్పిగా ఉందా?" అన్నారు తాతయ్య.

"లేదు."

"చల్లగా ఉంది కదా, మరి ఆ మొహమేంటి?"

"అమ్మ కనబడట్లేదు" అన్నాను. అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

తెర పక్కకు జరిగింది. "చాల్లెండి తాతయ్యా, ఖలాస్! ఎంతసేపు నిలబెడతారు పిల్లని?" అంటూ అమ్మ నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కుంది.

తాతయ్య గుమ్మంలోనే ఆగి అమ్మవైపు చూశారు. "చూశావా తల్లీ, బిడ్డనెక్కడ నిలబెట్టాలా అని అంతంత పండితులు వందల ఏళ్ళు వాదించుకున్నారు. ఒక్కొక్కళ్ళూ ఒక్కో అడుగు దగ్గరికి జరిపారు, అందుకు వాళ్ళకు దండం పెడతాను. లోపలున్నవాళ్ళు లేచి వస్తారని మాత్రం ఎవరూ అనుకోలేదు. నువ్వు లేచి వచ్చావు. దేవుడు నీకంటే రాతిగుండె వాడా?"

అమ్మ నన్ను వదలకుండానే మంచం మీద కూలబడింది. తమ్ముడికి జుట్టు ఎంత ఒత్తుగా ఉండేదో చెప్పింది. నాన్నగారు పేపర్ మడిచి, వాడి చెవులు మాత్రం తన పోలికేనని అన్నారు. తర్వాతి శుక్రవారం అమ్మ తల దువ్వుకుని మా అందరికంటే ముందే చర్చికి తయారైంది.

దేవుడి లెక్కలు నాకు తెలుసునని ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. చదవడం మానలేదు. ఆ పండితుల మీద గౌరవమూ పోలేదు. కానీ ఫలానా వాళ్ళకు లోపల చోటు లేదని ఎవరైనా పుస్తకం తీసి చూపిస్తే, నా పాదాలకు ఆ తెర కింది చల్లగాలి తగులుతుంది. మా ఇంటి పెద్దలు వచ్చినవాళ్ళ కోసం కూర్చున్న చోటు నుంచి కదిలేవారు కాదు. నేను మాత్రం గుమ్మంలో ఎవరి నీడ కనబడినా, ఎవరో ఏమిటో అడగకముందే లేచి ఎదురు వెళ్తాను.